ఒకే ఎండ – రెండు సీమలు

మహాకావ్యానికి అష్టాదశ వర్ణనలు ఉండాలని ఆలంకారికులు చెప్పారు. ఆ పద్దెనిమిదింటిలో సముద్రం ఉన్నది, పర్వతం ఉన్నది, ఋతువులు ఉన్నాయి, ఉద్యానం, జలక్రీడ ఉన్నాయి. ఎడారి మాత్రం లేదు. నీరున్న చోటును వర్ణించమని కవిని శాసించిన శాస్త్రం, నీరులేని చోటును అతని ఇష్టానికి వదలివేసింది. నిఘంటుకారులు, వైద్యులు ఇంత ఉపేక్ష చూపలేదు. అమరకోశం నదీజలంతో పండే దేశాన్ని నదీమాతృకమనీ, వాన మీద ఆధారపడి పండే దేశాన్ని దేవమాతృకమనీ వేరుచేసి చెప్పింది. ఆయుర్వేద గ్రంథాలు తేమ మిక్కిలిగా ఉన్న నేలను ఆనూపమనీ, పొడిగా ఉండి గాలి విరివిగా వీచే నేలను జాంగలమనీ విభజించి, ఏ దేశంలో మనిషికి ఏ రోగాలు అధికమో వివరించాయి. ప్రాచీన తమిళ కవులు ఇంకా ముందుకు వెళ్లి, సముద్రతీరాన్ని నెయ్దల్ అన్నారు, ఎండిన బీడును పాలై అన్నారు. ఒక్కొక్క నేలకు ఒక్కొక్క మనోభావాన్ని ముడివేశారు. వారి దృష్టిలో పాలై ప్రత్యేకమైన నేల కాదు. కొండసీమగాని అడవిసీమగాని ఎండకు మాడి తన స్వభావాన్ని కోల్పోయినప్పుడు ఏర్పడేదే పాలై. ఈ మాటను విద్యార్థులు జ్ఞాపకం ఉంచుకోవాలి. దీనితో మనకు మళ్లీ పని ఉన్నది.

తీరసీమకు, ఎడారిని తలపించే మెట్టసీమకు గల భేదాన్ని తెలుసుకోవడానికి మనం దూరదేశాలకు పోనక్కరలేదు. భారతదేశ పటం మీద నెల్లూరు వద్ద వేలు పెట్టి, నేరుగా పడమరకు జరపండి. సుమారు 260 కిలోమీటర్లు సాగిన తరువాత, ఇంచుమించు అదే అక్షాంశం మీద, అనంతపురం తగులుతుంది. రెండు పట్టణాల మీద సూర్యుడు ఒకే ఎత్తున ఉదయించి, ఒకే వాలున అస్తమిస్తాడు. రెండింటికీ చలికాలం నామమాత్రమే. వేసవి పగటి ఎండను కొలిస్తే రెండుచోట్లా నలభై డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లోనే ఉంటుంది. ఆ రెండు సీమలనూ కలుపుతూ ఒక నది కూడా ఉన్నది. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టిన పెన్న అనంతపురం సీమ మీదుగా ప్రవహించి, కడప సీమను దాటి, నెల్లూరును ఒరుసుకొని బంగాళాఖాతంలో కలుస్తుంది. దాని నిడివి 597 కిలోమీటర్లు. ఎగువన ఏడాదిలో అధికభాగం ఇసుకపర్రగా కనిపించే ఆ నదే, దిగువన మాగాణులకు ప్రాణాధారం. పదమూడవ శతాబ్దిలో తిక్కన సోమయాజి నివసించినది ఈ పెన్న ఒడ్డునే.

ఎండ ఒకటే, నది ఒకటే. అయినా ఒకటి వరిసీమ, మరొకటి కరవుసీమ. కారణమేమిటి?

ఒకచోట వాన ఎక్కువ, ఒకచోట తక్కువ అనే సమాధానం నిజమే గాని, అది సగం నిజం. వర్షపాతం లెక్కలను కొంచెం నిదానించి చూడాలి. పూర్వపు నెల్లూరు జిల్లాకు సాలీనా సగటు వర్షపాతం సుమారు 1,080 మి.మీ. ఉమ్మడి అనంతపురం జిల్లాకు సుమారు 550 మి.మీ. అంటే దాదాపు సగం. ఇప్పుడు ఈ మొత్తాన్ని ఋతువుల వారీగా విడదీయండి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వీచే నైరృతి ఋతుపవనాల వల్ల నెల్లూరుకు సుమారు 330 మి.మీ., అనంతపురానికి సుమారు 340 మి.మీ. వాన కురుస్తుంది. ఆశ్చర్యమేమంటే, ఈ నాలుగు నెలల్లో కరవుసీమ తీరసీమకు ఏమాత్రం తీసిపోవడం లేదు. ఒక పిసరు ఎక్కువే. భేదమంతా అక్టోబరు తరువాత వస్తుంది. ఈశాన్య ఋతుపవన కాలంలో నెల్లూరుకు సుమారు 660 మి.మీ. లభిస్తే, అనంతపురానికి సుమారు 155 మి.మీ. మాత్రమే దక్కుతుంది. నెల్లూరు వారి భాగ్యం ఈశాన్యం నుంచి వస్తుంది. అనంతపురం వారికి నైరృతి పవనం అంతంతమాత్రంగా, ఈశాన్య పవనం అతి తక్కువగా ఇస్తాయి. రెండు పవనాలకూ అది చిట్టచివరి ఇల్లు.

నైరృతి పవనం సంగతి ముందు చూద్దాం. అరేబియా సముద్రం మీద నుంచి తేమను మోసుకొని వచ్చే ఈ గాలికి పడమటి కనుమలు గోడవలె అడ్డునిలుస్తాయి. గాలి పైకి ఎగబాకక తప్పదు. పైకి పోయినకొద్దీ గాలి వ్యాకోచిస్తుంది. వ్యాకోచించిన గాలి చల్లబడుతుంది. చల్లబడిన గాలి తనలోని ఆవిరిని పట్టి ఉంచలేక వానగా వదలుతుంది. కనుమల మీది ఆగుంబెలో ఏడాదికి ఏడు వేల మిల్లీమీటర్లకు మించిన వర్షం కురవడానికి ఇదే కారణం. కనుమ దాటి తూర్పువాలున కిందికి దిగేటప్పుడు ఇదే కథ తలకిందులుగా జరుగుతుంది. దిగే గాలి నొక్కుకొనిపోయి వేడెక్కుతుంది. వేడెక్కిన గాలి వాన కురిపించడానికి బదులు నేలలోని తడిని తానే పీల్చుకుంటుంది. కొండకు ఆవలివైపున ఏర్పడే ఈ పొడి ప్రాంతాన్ని వర్షచ్ఛాయ అంటారు. చక్కని మాట. చెట్టు నీడన ఎండ పడనట్లు, కొండ నీడన వాన పడదు.

జూలై నెలలో అనంతపురం వెళ్లినవారికి ఒక వింత కనిపిస్తుంది. ఆకాశం నిండా మబ్బులుంటాయి. పడమటి గాలి హోరున వీస్తుంటుంది. పగటి ఉష్ణోగ్రత నెల్లూరు కంటె తక్కువగానే ఉంటుంది. కొత్తగా వచ్చినవాడు, ఇంకేముంది, వాన వచ్చేస్తున్నదని గొడుగు తీసుకొని బయలుదేరుతాడు. ఆ మబ్బులు కురవవు. కనుమల వద్దనే తమ బరువును దించివేసి వచ్చిన మబ్బులవి. నేను అనంతపురంలో ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరం ఆ గొడుగు పట్టుకొని తిరిగినవారిలో నేనొకడిని. నా విద్యార్థులు మర్యాదస్థులు కాబట్టి నవ్వు ఆపుకొన్నారు. అయితే ఆ గాలి పూర్తిగా వ్యర్థం కాలేదు. రామగిరి మొదలుకొని ఉరవకొండ పరిసరాల వరకు కొండల మీద తిరిగే గాలిమరలు దాని నుంచే విద్యుత్తును పిండుతున్నాయి.

ఇక ఈశాన్య పవనం. అక్టోబరు నుంచి గాలి దిశ మారుతుంది. బంగాళాఖాతం మీదుగా వచ్చే తేమగాలి మొదట తాకేది నెల్లూరు తీరాన్నే. అక్కడ ధారాళంగా కురిసి, లోపలికి పోయినకొద్దీ బక్కచిక్కుతుంది. వెలికొండలు, పాలకొండలు, శేషాచలం మొదలైన తూర్పు కనుమల వరుసలు మిగిలినదానిలో పెద్దభాగాన్ని తీసుకుంటాయి. అనంతపురం చేరేసరికి పంక్తిలో చివర కూర్చున్నవానికి గిన్నె అడుగున మిగిలిన పులుసు వడ్డించినట్లవుతుంది.

దేశంలో జైసల్మేర్ తరువాత అత్యల్ప వర్షపాతం గల జిల్లా అనంతపురమే అనే మాటను మనం తరచుగా వింటుంటాం. సభలలోను, పత్రికలలోను అది పాతుకుపోయింది. విద్యార్థులు దానిని అక్షరాలా నమ్మరాదు. బార్మేర్, బికనేర్ జిల్లాలలో ఇంకా తక్కువ వాన పడుతుంది. లడఖ్ సంగతి చెప్పనే అక్కరలేదు. ఎడారి అనిపించుకోవడానికి వానను మాత్రమే లెక్కిస్తే చాలదు. ఆ నేల నుంచి ఎండకు, గాలికి ఎంత నీరు ఆవిరి కాగలదో కూడా లెక్కించాలి. రాబడిని, ఖర్చును పక్కపక్కన పెట్టి చూడటం వంటిది ఇది. వచ్చే వాన, ఆవిరి కాగల నీటిలో ఐదవవంతుకు లోబడితే ఆ నేలను శుష్కమని, ఐదవవంతుకు సగానికి నడుమ ఉంటే పాక్షిక శుష్కమని అంతర్జాతీయంగా వ్యవహరిస్తారు. అనంతపురంలో ఆవిరి కాగల నీరు కురిసే వానకు సుమారు మూడింతలు. కనుక ఈ కొలత ప్రకారం అది పాక్షిక శుష్కసీమ. వేరొక కొలమానాన్ని అనుసరించిన మన శాస్త్రజ్ఞులు రాజస్థాన్, గుజరాత్‌లలోని ఉష్ణ శుష్కమండలంతో పాటు దక్షిణాదిన విడిగా ఉన్న ఒక చిన్న శుష్కఖండాన్ని గుర్తించి, అందులో అనంతపురాన్ని చేర్చారు. కేంద్ర ప్రభుత్వం ఒకప్పుడు నడిపిన ఎడారి అభివృద్ధి పథకంలోనూ ఈ జిల్లాకు చోటు దక్కింది. ఎడారి జాబితాలో చేరడం ఒక జిల్లాకు లభించే గౌరవం కాదు గాని, నిధులకు అది అవసరమైంది.

అయితే కొలతలను పక్కనపెట్టి కంటితో చూడదలచినవారు బొమ్మనహాళ్, కణేకల్లు మండలాలకు వెళ్లాలి. అక్కడ వేదవతి నది ప్రవహిస్తుంది. స్థానికులు హగరి అంటారు. ప్రవహిస్తుంది అనడం అలవాటు చొప్పున అన్నమాట. ఏడాదిలో ఎక్కువ కాలం అది పొడి ఇసుకగా పరుచుకొని ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వీచే బలమైన నైరృతి గాలి ఆ ఇసుకను లేపి ఒడ్డున ఉన్న పొలాల మీద పోస్తుంది. ఇసుక మేటలు తిన్నెలవుతాయి. తిన్నెలు మెల్లగా ముందుకు జరుగుతాయి. ఒకప్పుడు పైరు పండిన నేల మీద ఇసుక దిబ్బ నిలిచి ఉండటాన్ని చూసినప్పుడు, పాలై ప్రత్యేకమైన నేల కాదన్న తమిళ కవుల మాట ఎంత పరిశీలనతో అన్నదో అర్థమవుతుంది. పుట్టుకతో ఎడారి అయిన నేల వేరు, ఎడారిగా మారుతున్న నేల వేరు. రెండవదానిని ఆపడానికి ఇంకా అవకాశమున్నది. గాలికి అడ్డుగా సరుగుడు, కానుగ వంటి చెట్లను పెంచడం, ఇసుకను పట్టి ఉంచే గడ్డిని నాటడం అందుకు మార్గాలు.

ఇప్పుడు తీరం వైపు మరలుదాం. తీరమంటే చల్లదనమని, మెట్టసీమ అంటే వేడి అని సామాన్యంగా భావిస్తాం. ఇది సగమే సరి. నీటి స్వభావం నేల స్వభావం వంటిది కాదు. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి పట్టే ఉష్ణం, ఒక కిలో పొడి ఇసుకకు పట్టే ఉష్ణానికి సుమారు ఐదురెట్లు. అందుచేత నేల త్వరగా కాగుతుంది, త్వరగా చల్లారుతుంది. సముద్రం నిదానంగా వేడెక్కి, నిదానంగానే చల్లబడుతుంది. పగలు కాగిన నేల మీది గాలి తేలికై పైకి లేస్తే, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. రాత్రివేళ ఇది తిరగబడుతుంది. సముద్రాన్ని ఆనుకొని ఉన్న విశాఖపట్నంలో వేసవి పగలు కూడా సహింపదగినదిగా ఉండటానికి ఈ గాలే కారణం. కాని నెల్లూరు సముద్రానికి ఇరవై కిలోమీటర్లకు పైగా లోపల ఉన్నది. మే నెలలో పడమటి వడగాలి బలంగా ఉన్న రోజున సముద్రపు గాలి ఊరిని చేరేసరికి సాయంత్రమవుతుంది. కొన్ని రోజులలో చేరనే చేరదు. రాత్రి అయినా అక్కడ ఉష్ణోగ్రత 28 డిగ్రీల వద్దనే ఆగిపోతుంది. సముద్రమట్టానికి సుమారు 350 మీటర్ల ఎత్తున, పొడిగాలి నడుమ ఉన్న అనంతపురంలో రాత్రి మరి రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. తేమ లేని ఆకాశం పగటి వేడిని కప్పి ఉంచదు. దుప్పటి లేని నిద్ర వంటిది అది. డిసెంబరు నెలలో తెల్లవారుజామున అనంతపురంలో బయలుదేరే పాలవాడు తలకు గుడ్డ చుట్టుకుంటాడు. నెల్లూరులో ఆ అవసరం అరుదు.

ఈ భేదమంతా ఒక మట్టికుండలో చూపవచ్చు. కుండ గోడలకు కంటికి కనబడని రంధ్రాలుంటాయి. వాటిలోనుంచి నీరు ఊరి, పైకి వచ్చి, ఆవిరవుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల ఉష్ణం కావాలి. ఆ ఉష్ణాన్ని లోపలి నీటి నుంచే తీసుకోవడం వల్ల నీరు చల్లబడుతుంది. నెల్లూరు సీమలో మా ఇంటి కుండనీళ్లు ఏదో చల్లగా ఉండేవి. అదే రకం కుండను అనంతపురంలో కొని నీళ్లుపోసి, మరునాడు తాగినప్పుడు పళ్లు జివ్వుమన్నాయి. కుండ గొప్పతనం కాదది, గాలి గొప్పతనం. తేమతో నిండిన తీరపు గాలి కొత్త ఆవిరిని తనలో చేర్చుకోదు. పొడిగాలి దాహంతో ఉంటుంది, అడిగినంత తీసుకుంటుంది. గదుల్లో వాడే కూలర్లు అనంతపురంలో హాయినిచ్చి, తీరపు ఊళ్లలో గదిని ఉక్కపోతతో నింపడానికి కారణం కూడా ఇదే. ఉప్పు తడిసి గడ్డకట్టడం, ఇనుప గొళ్లేలు తుప్పుపట్టడం, పుస్తకాలకు బూజుపట్టడం తీరవాసులకు నిత్యానుభవాలు. అనంతపురంలో నా పుస్తకాలకు బూజు పట్టలేదు గాని, అట్టల జిగురు ఎండి విడిపోయింది. ఏ సీమ కష్టం ఆ సీమది.

మనిషి శరీరం కూడా ఒక విధంగా మట్టికుండే. చెమట ఆవిరైతేనే శరీరం చల్లబడుతుంది. పొడి నేలలో చెమట పుట్టినది పుట్టినట్లే ఎగిరిపోతుంది. ఒళ్లు తడిగా లేదు కాబట్టి నీరు పోలేదని భ్రమపడి, నీళ్లు తాగడం మరచినవాడు శోష వచ్చి పడిపోతాడు. తీరంలో ప్రమాదం మరొక విధంగా వస్తుంది. చెమట ధారలుగా కారుతుంది, ఆరదు. ఆరని చెమట శరీరాన్ని చల్లబరచలేదు. అందువలన ఉష్ణమాపకంలో అంకె తక్కువగా ఉన్నా తీరంలో ప్రాణాపాయం తక్కువ కాదు. 2003 వేసవిలో కోస్తా జిల్లాలలో వడదెబ్బకు పెద్ద సంఖ్యలో జనం మరణించారు. 2015 మే నెలలో వచ్చిన వడగాలులకు దేశంలో రెండువేల మందికి పైగా బలికాగా, వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలవారే. చనిపోయినవారిలో ఎక్కువమంది ఎండలో పనిచేయక గడవని కూలీలు, వృద్ధులు. ఇటువంటి రోజులలో మధ్యాహ్నం ఎంత వేడి ఉన్నదన్న ప్రశ్న ఒక్కటే చాలదు; రాత్రి ఎంతవరకు చల్లబడిందన్నది కూడా తెలుసుకోవాలి. పగలంతా కాగిన శరీరానికి విశ్రాంతి దొరికేది రాత్రే.

పూర్వులు కట్టుకున్న ఇళ్లలో ఈ జ్ఞానమంతా ఉన్నది. రాయలసీమ మట్టిమిద్దె గోడలు మూరెడు మందం. పైన చదునుగా దూలాలు, వాటిమీద రాతిబండలో కట్టెలో పరిచి, చవుడు మట్టి కప్పేవారు. పగటి వేడి ఆ మందాన్ని దాటి లోపలికి రావడానికి సాయంకాలమవుతుంది. అప్పటికి మిద్దెవాసులు మంచాలు పైకెత్తుకొని ఆరుబయలు పడుకొంటారు. కప్పులో గవాక్షి అనే చిన్న రంధ్రం వెలుతురునిచ్చి, వేడిగాలిని పైకి పంపుతుంది. వాన తక్కువ కాబట్టి చదును కప్పు చెల్లింది. తీరంలో అటువంటి ఇల్లు రెండు తుపానులకు నిలవదు. అక్కడ తాటాకు కప్పు ఏటవాలుగా, నేలకు వంగి ఉంటుంది. వాననీరు నిలవకుండా జారిపోతుంది. గాలి కోసం చుట్టూ వసారాలుంటాయి. ఉత్తర కోస్తాలో కనిపించే గుండ్రని చుట్టిళ్లను గాలి మూల దొరకబుచ్చుకొని విరవలేదు. నేడు రెండు సీమలలోనూ ఒకే విధమైన సిమెంటు పెట్టె లేస్తున్నది. అది అనంతపురంలో పగలు పొయ్యి, నెల్లూరులో రాత్రి పొయ్యి.

నీటిని నిలుపుకొనే నేర్పు విషయంలో మాత్రం మెట్టసీమదే పైచేయి అని నా అభిప్రాయం. కోస్తావారికి ఆనకట్టలు, కాలువలు ఉన్నాయి. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం వద్ద గోదావరికి ఆనకట్ట కట్టించి 1852లో పూర్తిచేశాడు. నెల్లూరు వద్ద పెన్నకు కూడా పందొమ్మిదవ శతాబ్దిలోనే ఆనకట్ట వచ్చింది. నది ఉన్నచోట నీరు మళ్లించడం ఒక విద్య. నది లేనిచోట వాననే నదిగా నిలపడం అంతకంటె కష్టమైన విద్య. విజయనగర కాలంలో ఈ విద్య శాస్త్రస్థాయికి చేరింది. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువును బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కట్టించి, 1369 నాటి సంస్కృత శాసనంలో మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, తప్పించవలసిన ఆరు దోషాలను లిఖింపజేశాడు. రోజూ వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్లు పనిచేశారని ఆ శాసనమే చెబుతున్నది. అనంతపురం పక్కనే ఉన్న చెరువును ఆనుకొని వెలసిన ఊరి పేరు బుక్కరాయసముద్రం. రాష్ట్రంలో వాన అతి తక్కువగా పడే చోట చెరువుకు సముద్రమని పేరు పెట్టుకొన్నారు. నిజమైన సముద్రం ఒడ్డున ఉన్నవారికి ఆ మాట విలువ ఇంతగా తెలియదేమో.

ఆధునిక కాలంలో తుంగభద్ర ఎగువ కాలువ అనంతపురంలో కొంత భాగాన్ని తడిపింది. హంద్రీ–నీవా పథకం ద్వారా శ్రీశైలం జలాశయపు నీటిని మెట్టుమెట్టుగా ఎత్తిపోసి, 2012లో జీడిపల్లి జలాశయం వరకు చేర్చారు. చీనీ, దానిమ్మ, అరటి తోటలకు బొట్టుబొట్టుగా నీరందించే పద్ధతి ఈ జిల్లాలో విస్తృతంగా వ్యాపించింది. అయినా ఎక్కువ విస్తీర్ణానికి నేటికీ వానే దిక్కు. ఇక్కడి ఎర్రనేలలు లోతు లేనివి. తడిని పది పదిహేను రోజులకు మించి నిలుపుకోలేవు. ఆరుద్ర, పునర్వసు కార్తెలలో వేరుశనగ విత్తుతారు. ఊడలు దిగి కాయ ఊరే వేళకు ఒక వాన కావాలి. ఆ ఒక్క వాన రాకపోతే, ఏడాది మొత్తం వర్షపాతం సగటును దాటినా పంట రాదు. ప్రభుత్వ లెక్కలో కరవు లేని సంవత్సరం, రైతు ఇంటిలో కరవు సంవత్సరం కావచ్చు. 2000 దశకంలో ఏడెనిమిది లక్షల హెక్టార్లలో ఈ ఒక్క పంటనే వేసిన జిల్లా, వరుసగా వాన ముఖం చాటేసినప్పుడు ఎంత నష్టపోయిందో ఊహించవచ్చు. బోరు కోసం అప్పు, నీరు పడకపోతే మరొక బోరు, మరొక అప్పు. చివరకు ఇంటికి తాళం వేసి బెంగుళూరు బస్సెక్కడం. కొందరు అప్పుల భారం తాళలేక ప్రాణాలే తీసుకొన్నారు. రెండు వానల మధ్య వ్యవధి ఇంత పని చేస్తుంది. కొర్ర, సజ్జ, జొన్న వంటి పాతపంటలు ఆ వ్యవధిని ఓర్చుకొనేవి. వాటిని వదలుకొని ఒకే పంటను నమ్మడం తొందరపాటు అని ఇప్పుడు శాస్త్రజ్ఞులూ, రైతులూ అంగీకరిస్తున్నారు.

తీరానికి వాన లోటు లేకపోవచ్చు, భయం లోటు కూడా లేదు. సముద్రోపరితలం 26, 27 డిగ్రీలకు మించి వేడెక్కినప్పుడు పైకి లేచే ఆవిరి తుపానుకు ఆహారమవుతుంది. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన ఉప్పెన పదివేల మందికి పైగా ప్రజలను పొట్టనపెట్టుకొన్నది. భూమి మీదికి వచ్చిన తరువాత తుపానుకు ఆవిరి అందదు. అది నీరసించి వాయుగుండంగా, అల్పపీడనంగా మారుతుంది. అలా నీరసించి పడమరకు సాగిన వాయుగుండమే రాయలసీమ చెరువులను నింపుతుంది. ఒక్కొక్కసారి అదీ శ్రుతి మించుతుంది. 2021 నవంబరులో వచ్చిన వానలకు కడప, అనంతపురం, చిత్తూరు, నెల్లూరు జిల్లాలు ఒకేసారి మునిగాయి. చెయ్యేరు మీది అన్నమయ్య జలాశయం కట్ట ఆ నెల 19న తెగి, దిగువ గ్రామాలను తుడిచిపెట్టింది. పొడిసీమలో నేల గట్టిపడి ఉంటుంది, మొక్క తక్కువ, ఒక్కసారిగా కురిసిన నీరు ఇంకక పరుగెత్తుతుంది. దాహంతో ఉన్న నేల నీరు తాగలేకపోవడం విచిత్రమే గాని, వాస్తవం.

1990ల చివర, నేను అనంతపురంలో అద్దెకున్న ఇంటి యజమానురాలికి డెబ్బై ఏళ్లు దాటాయి. ఊరి వెలుపల ఆమెకు నాలుగెకరాల చేను ఉండేది. ఒక అక్టోబరు సాయంకాలం రేడియోలో బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిందని, నెల్లూరుకు సమీపంలో తీరం దాటవచ్చునని చెప్పారు. నేను వెంటనే వీధి చివరి ఫోను బూతుకు వెళ్లి మా ఊరికి ఫోను చేశాను. మా అమ్మ గొంతులో వణుకు వినిపించింది. "పడవలన్నీ ఒడ్డుకు లాగేశారు నాయనా. నువ్వు ఇప్పుడు బయలుదేరి రావద్దు" అన్నది. దిగులుతో ఇంటికి వచ్చేసరికి అవ్వ అరుగు మీద కూర్చొని నా కోసమే ఎదురుచూస్తున్నది.

"సముద్రంలో ఏందో లేసిందంట గదా సార్. మనకేమన్నా ఒక పదును పడతాదా?" అని అడిగింది. ఆమె కళ్లలోని ఆశకు ఏమి చెప్పాలో నాకు తోచలేదు. ఆ వాయుగుండం ఎటు పోవాలని కోరుకోవాలో కూడా తోచలేదు.

మూడవనాడు వాన వచ్చింది. మా ఊరిలో రెండు తాటాకిళ్లు లేచిపోయాయి, మనుషులకు హాని కలగలేదని కబురు తెలిసింది. అనంతపురంలో ఒక రాత్రి, ఒక పగలు ఏకధారగా కురిసింది. వీధి కాలువలు పొంగి, ఎర్రని నీరు వాగు వైపు ఉరకలు వేస్తున్నది. ఆ వాగులు పెన్నలో పడతాయి. పెన్న నెల్లూరుకు పోతుంది. అవ్వ గుమ్మంలో నిలబడి, కొంగు తల మీద కప్పుకొని, ఆ పరుగును చాలాసేపు చూసింది.

"నీళ్లన్నీ మీ ఊరికే పోతాండాయి గదా సార్" అన్నది.